పిక్ లైన్: వేయడం బాగానే వేశారు, ఆ తర్వాత చూసుకునే ఏర్పాటే లేదు

కీమో మందులు ఎక్కించడానికి జబ్బ నరంలోంచి గుండె దగ్గరి దాకా వేసే సన్నటి గొట్టమే పిక్ లైన్. కీమో మొదలుపెట్టే ముందు డాక్టరు "పిక్ లైన్ వేయిద్దాం" అనగానే ఎవరైనా మొదట అడిగేది నొప్పి గురించే. ఆ సంగతి ముందే చెప్పేస్తాను, మత్తు సూది గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది, కాస్త మండుతుంది, అంతే. అంతకంటే ముఖ్యంగా అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఆరు నెలల పాటు వారం వారం దానికి డ్రెస్సింగ్ ఎవరు చేస్తారు, మీ ఊళ్లో చేసేవాళ్లు ఉన్నారా అని. ఈ రివ్యూ రాస్తున్నది ముఖ్యంగా దాని కోసమే. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు ఇది పెద్ద విషయం అనిపించకపోవచ్చు, మాలాగా హనుమకొండ నుంచో ఇంకా దూరం నుంచో వెళ్లేవాళ్లకు మాత్రం అసలు తిప్పలన్నీ ఇక్కడే.

నాది పెద్దపేగు క్యాన్సర్. ఆపరేషన్ అయ్యాక ఫోల్‌ఫాక్స్ అనే కీమో రాశారు, రెండు వారాలకోసారి చొప్పున మొత్తం 12 సార్లు. ఇందులో ఆక్సాలిప్లాటిన్ అనే మందు ఆసుపత్రిలోనే రెండు గంటల్లో ఎక్కించేస్తారు, ఆ తర్వాత ఫ్లోరోయురాసిల్ అనే మందు మాత్రం 46 గంటల పాటు కొద్దికొద్దిగా లోపలికి వెళ్తూనే ఉండాలి. దాన్ని ఒక చిన్న పంపులో నింపి, లైనుకు తగిలించి ఇంటికి పంపేస్తారు. మామూలుగా సెలైన్ ఎక్కించడానికి ముంజేతికి పెట్టే క్యాన్యులాతో ఇది కుదరదు, నిద్రలో ఎక్కడైనా జారితే మందు నరంలోకి పోకుండా చుట్టూ కండలోకి పోతుంది. పైగా ఆక్సాలిప్లాటిన్ చేతి నరంలోంచి ఎక్కిస్తే చేయంతా లాగేస్తుంది. డే కేర్‌లో నా పక్క బెడ్డాయనకు మాత్రల కీమోతో పాటు ఈ మందు క్యాన్యులాలోంచే ఇచ్చేవాళ్లు, పాపం చేతి మీద వేడినీళ్ల సంచి పెట్టుకుని పళ్లు బిగబట్టి కూర్చునేవాడు. అదే మందు పిక్ లైన్‌లోంచి వెళ్తుంటే నా చేతికి ఏమీ తెలిసేది కాదు. ఆ ఒక్క కారణానికైనా ఈ లైన్ వేయించుకోవడం మంచిదే అంటాను.

అసలు అదేమిటో తెలియనివాళ్ల కోసం. సన్నటి మెత్తటి గొట్టం, నాకు వేసింది మిల్లీమీటరున్నర మందం కూడా లేదు. మోచేతికి పైన, జబ్బ లోపలి వైపు ఉండే నరంలోకి ఎక్కించి, చంక మీదుగా, గుండెకు సరిగ్గా పైన ఉండే పెద్ద నరం చివరి దాకా తీసుకెళ్తారు. అక్కడ రక్తం చాలా వేగంగా పోతుంటుంది కాబట్టి మందు పడీ పడగానే పలచబడిపోతుంది, నరం గోడలు కాలవు. చేతి బయట కొన్ని సెంటీమీటర్ల గొట్టం, దాని చివర ఒక మూత మాత్రమే కనిపిస్తాయి.

ఇక వేసిన తీరు. హైదరాబాద్‌లో పెద్ద ప్రైవేటు క్యాన్సర్ ఆసుపత్రి, పేరు రాయడం లేదు, నా గొడవ పేరుతో కాదు, పద్ధతితో. కానీ లైన్ వేసిన సిస్టర్‌కు మాత్రం చేతులెత్తి దండం పెట్టాలి. ఇది డాక్టరే వేయాలనుకుని మా ఆయన కొంచెం కంగారుపడ్డారు, నిజానికి ఇందులో ప్రత్యేకంగా శిక్షణ తీసుకున్న నర్సులే చాలా చోట్ల వేస్తారట, ఆమె చేయి చూశాక మాకు ఇంకే అనుమానమూ మిగల్లేదు. అంతకు ముందు రోజు రక్తపరీక్షలు చేశారు, ప్లేట్‌లెట్లు తగినన్ని ఉన్నాయా, రక్తం సరిగ్గా గడ్డకడుతుందా అని. సంతకం పెట్టించుకునే కాగితం ఇంగ్లీషులో ఉంది, ఆమే పక్కన కూర్చుని ఒక్కో లైను తెలుగులో చెప్పింది. "ఏ చేత్తో రాస్తారమ్మా?" అని అడిగి, కుడి అన్నాక ఎడమ జబ్బ చూసింది. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యి చంకలో లింఫు గ్రంథులు తీసినవాళ్లకైతే ఆ వైపు చేతికి వేయరు, రెండో చేతికే వేస్తారు.

స్కానింగ్ మిషన్‌తో నరం వెతికారు. తెర నా వైపు తిప్పి చూపించింది, నల్లగా గుండ్రంగా రెండు మూడు కనిపిస్తాయి, పైనుంచి కాస్త నొక్కితే ఒకటి చప్పగా అణిగిపోతుంది, పక్కది అణగకుండా కొట్టుకుంటూ ఉంటుంది. అణిగేది మనకు కావాల్సిన నరం, కొట్టుకునేది ధమని, దాని జోలికి పోకూడదు అని చెప్పింది. బయటికి కనిపించే నరాలన్నీ రక్తపరీక్షల సూదులకు గట్టిపడి, ఒక్కోసారి క్యాన్యులా కోసం ఇక్కడా అక్కడా గుచ్చించుకుని ఏడ్చినదాన్ని, లోపల ఇంత పెద్ద నరం చెక్కుచెదరకుండా ఉందని కళ్లారా చూస్తే నాకు సగం టెన్షన్ పోయింది. తర్వాత టేపుతో జబ్బ నుంచి కాలర్ బోన్ దాకా, అక్కడి నుంచి ఛాతీ కిందికి కొలిచి, గొట్టం ఎంత పొడవు కావాలో రాసుకుంది.

చేయంతా మందుతో రుద్ది శుభ్రం చేశారు, తల నుంచి కాళ్ల దాకా స్టెరైల్ గుడ్డ కప్పారు, నాకూ టోపీ, మాస్కు పెట్టారు. ఇంత హడావుడి ఎందుకా అనిపిస్తుంది గానీ, గొట్టం వెళ్లేది గుండె దగ్గరికి, అక్కడ ఇన్ఫెక్షన్ పాకితే ఆటలు కాదు. మత్తు సూది, ఆ మంట ఒక పది క్షణాలు. ఆ తర్వాత సన్నటి సూది, దాంట్లోంచి తీగ, తీగ మీద నుంచి ఒక తొడుగు, తొడుగులోంచి గొట్టం. నాకు నొప్పి లేదు, ఎవరో జబ్బ మీద వేలు పెట్టి నెడుతున్నట్టు తెలిసింది, అంతే. గొట్టం లోపలికి తోసేటప్పుడు "తల ఇటు తిప్పి గడ్డం భుజానికి ఆనించండమ్మా, లేకపోతే మెడ వైపు ఎక్కేస్తుంది" అంది. ఒక క్షణం గుండె దడదడలాడినట్టు అయ్యింది, చెప్పగానే కొంచెం వెనక్కి లాగింది, తగ్గిపోయింది. ఇలాంటివి జరిగినప్పుడు ఓర్చుకుని పడుకోకండి, వెంటనే చెప్పండి. చివర్లో తొడుగు రెండుగా చీల్చి తీసేశారు. తర్వాత సిరంజితో రక్తం వెనక్కి వస్తుందో లేదో చూసి సెలైన్ ఎక్కిస్తే నోట్లోకి ఉప్పగా ఒక రుచి వచ్చింది. చేతిలోకి ఎక్కించింది నాలుకకు ఎలా తెలిసిందా అని ఆశ్చర్యపోయాను, చాలామందికి అలాగే ఉంటుందట.

పని మొత్తం గంటలోపే అయిపోయింది. ఎక్స్‌రే కోసం మాత్రం చాలాసేపు కూర్చోబెట్టారు. గొట్టం చివర ఎక్కడుందో ఎక్స్‌రేలో చూసి డాక్టరు సరే అని రాసేదాకా లైన్ వాడకూడదు, అది మంచి పద్ధతే, కానీ పొద్దున ఏమీ తినకుండా వచ్చిన మనిషిని వీల్ ఛైర్‌లో కారిడార్‌లో వదిలేయడం బాగాలేదు. పైగా ఈ పనికి ఖాళీ కడుపుతో రావాల్సిన అవసరమే లేదని సిస్టర్ తర్వాత చెప్పింది, అపాయింట్‌మెంట్ ఇచ్చినవాళ్లకు ఆ ముక్క తెలియదు.

ఖర్చు మాకు లైను, వేసినందుకు, ఎక్స్‌రే అన్నీ కలిపి 16,000 దాటింది. బిల్లులో కన్స్యూమబుల్స్ (వాడి పారేసే సామాన్లు) అని ఒక లైను ఉంది, అందులో ఏమేం ఉన్నాయో అడిగితే గానీ విడగొట్టి ఇవ్వలేదు. అడగండి, ఇస్తారు.

దీనికి బదులు కీమో పోర్టు ఉంది, అది కూడా చెప్పాలి. ఛాతీ మీద చర్మం కింద చిన్న బిళ్ల పెడతారు, బయటికి ఏమీ కనిపించదు, మామూలుగా స్నానం చేయొచ్చు, వాడనప్పుడు నెలకోసారో ఇంకా ఆలస్యంగానో ఫ్లష్ చేయిస్తే, అంటే సెలైన్‌తో గొట్టం కడిగిస్తే చాలు. కానీ అది ఆపరేషన్ థియేటర్‌లో చేసే చిన్న ఆపరేషన్, తీయడానికి మళ్లీ ఇంకోటి, ఖర్చు మాకు చెప్పింది రెండింతల పైనే. బ్రిటన్‌లో వెయ్యి మందికి పైగా కీమో పేషెంట్ల మీద చేసిన క్యావా అనే ట్రయల్ ఫలితాలు 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి, పిక్ లైన్ కంటే పోర్టుతోనే ఇబ్బందులు తక్కువ అని అందులో తేలింది. ఇది మాకు ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు. నాకు కడుపు ఆపరేషన్ అయ్యి ఎంతో కాలం కాలేదు, ఇంకోసారి థియేటర్‌కు వెళ్లే ఓపిక లేదు, అందుకే పిక్ లైన్‌కే మొగ్గు చూపాను, ఆ నిర్ణయం నా పరిస్థితికి సరైనదే అనిపిస్తోంది. కానీ ఊళ్లో డ్రెస్సింగ్ చేసేవాళ్లు లేనివాళ్లు, డబ్బు సర్దుకోగలిగితే, పోర్టు గురించి డాక్టరుతో గట్టిగా మాట్లాడండి. ఆ ముక్క వాళ్లంతట వాళ్లు ఎత్తరు.

ఇప్పుడు అసలు గొడవ. డిశ్చార్జ్ అప్పుడు చేతికి ఒక చిన్న కార్డు ఇచ్చి, "వారానికోసారి డ్రెస్సింగ్, ఫ్లషింగ్ చేయించుకోండి, మీ దగ్గర్లో ఎక్కడైనా చేస్తారు" అన్నారు. ఆ "ఎక్కడైనా" అన్న మాటే మమ్మల్ని తిప్పలు పెట్టింది. హనుమకొండలో ఆసుపత్రులకు కొదవ లేదు, వీధికొకటి ఉంది, కానీ మేం వెళ్లిన మొదటి చోట పిక్ లైన్ అంటే డయాలసిస్‌దా అని అడిగారు. రెండో నర్సింగ్ హోమ్‌లో చేస్తాం రండి అన్నారు. వెళ్తే, లోపలికి వెళ్లగానే ఒక అమ్మాయి బీపీ చూడడానికి సరిగ్గా లైన్ ఉన్న జబ్బకే పట్టీ చుట్టబోయింది. ఆ చేతికి బీపీ చూడకూడదు, ఆ చేతి నుంచి సూదితో రక్తం తీయకూడదు అని కార్డు మీద మొదటి వాక్యమే ఉంది, మా ఆయన కార్డు తీసి చూపిస్తే ఆపింది. ఇంకాసేపటికి ఫ్లషింగ్‌కు 2 ఎంఎల్ సిరంజి తెచ్చారు. సిరంజి ఎంత చిన్నదైతే లోపల ఒత్తిడి అంత ఎక్కువ, గొట్టం పగలొచ్చు, అందుకే 10 ఎంఎల్ కంటే చిన్న సిరంజి వాడకూడదు. ఆ పిల్లదాన్ని తప్పుపట్టి లాభం లేదు, తనకు ఎవరూ నేర్పలేదు. తప్పు అంతా మాకు లైన్ వేసి, డబ్బు తీసుకుని, 150 కిలోమీటర్ల అవతల ఎవరు చూస్తారో ఒక్క ఫోన్ కూడా చేసి కనుక్కోకుండా పంపించిన ఆసుపత్రిది. వాళ్ల దగ్గరికి వరంగల్, కరీంనగర్, ఖమ్మం, నల్గొండ నుంచి రోజూ పేషెంట్లు వస్తారు. ఒక్కో జిల్లాలో నలుగురు నర్సులను పిలిచి రెండు రోజులు నేర్పించి, వాళ్ల నంబర్లు కార్డు వెనక అచ్చు వేయడం వాళ్లకు ఎంత పని?

చివరికి మా వదిన వాళ్లకు తెలిసిన ఒక సిస్టర్ దొరికింది, గతంలో హైదరాబాద్‌లో క్యాన్సర్ వార్డులో చేసి పెళ్లయ్యాక హనుమకొండ వచ్చేసింది. ఆమె దొరకబట్టి మేం నిలబడ్డాం. డ్రెస్సింగ్ అంటే ఎలా ఉండాలో ఆమెను చూసే తెలుసుకున్నాను. ఇంటికి వచ్చి ముందు ఫ్యాన్ ఆపమనేది, చేతులు కడిగి, తను మాస్కు పెట్టుకుని నాకూ పెట్టేది. పాత అంటింపును పైకి లాగకుండా చర్మానికి ఆనించి కింది నుంచి పైకి, గొట్టం లోపలికి వెళ్లే వైపుకు తీసేది, పై నుంచి కిందికి లాగితే గొట్టం బయటికి వచ్చేస్తుంది. గ్లౌజులు మార్చి, మందుతో రుద్ది, అది పూర్తిగా ఆరేదాకా ఆగేది, ఊదేది కాదు. బయట ఉన్న గొట్టం ఎన్ని సెంటీమీటర్లో కొలిచి నోట్‌బుక్‌లో రాసేది, పోయిన వారం కంటే ఎక్కువుంటే లోపలిది కదిలిందని అర్థం, అప్పుడు డాక్టరుకు చెప్పకుండా అందులో మందు ఎక్కించకూడదు. సెలైన్ ఒక్కసారిగా కాకుండా కొంచెం నెట్టి, ఆపి, మళ్లీ నెట్టేది, అలా చేస్తే లోపల అంటుకున్నదంతా కడుక్కుపోతుంది. పైన లోపల ఏముందో కనిపించే పారదర్శకమైన అంటింపు వేసి, తేదీ రాసేది. మీ దగ్గర చేసేవాళ్లు ఇందులో ఏది వదిలేసినా అడగండి, మొహమాటపడకండి. ఒకసారి సిరంజిలోకి రక్తం వెనక్కి రాలేదు, నేను హడలిపోతుంటే ఆమె తొణక్కుండా చేయి పైకెత్తమంది, తల పక్కకు తిప్పి దగ్గమంది, వచ్చేసింది. బలంగా నెట్టలేదు. రాకపోతే ఆసుపత్రికి వెళ్లాల్సిందే, గడ్డ కరిగించే మందు వేస్తారు, ఎవరైనా బలవంతంగా నెట్టబోతే ఆపేయండి.

కిట్‌కు, ఆమె ఫీజుకు కలిపి వారానికి 900 వరకు అయ్యేది. లైన్ ధర విని తక్కువే కదా అనుకునేవాళ్లు ఆరు నెలలకు ఇది ఎంతవుతుందో కూడా కలుపుకోండి.

ఇంట్లో ఎలా ఉంటుందో కూడా రాస్తాను, ముఖ్యంగా ఆడవాళ్ల కోసం. చీర కట్టుకునేవాళ్లకు జాకెట్టు చేయి సమస్య. లైన్ సరిగ్గా చేయి అంచు దగ్గరే వస్తుంది, బిగుతు చేయి తొడిగినా తీసినా గొట్టం లాగుతుంది. నేను టైలర్‌తో ఎడమ చేతి కుట్టు విప్పించి ప్రెస్ బటన్లు పెట్టించుకున్నాను, కీమోకు వెళ్లినప్పుడు అవి తీస్తే చాలు, డే కేర్‌లో సిస్టర్లు ఫోటో తీసి వేరేవాళ్లకు చూపించారు. స్నానానికి వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ చుట్టి పైన టేపు వేసుకోవడం, చేయి పక్కకు చాపి చెంబుతో పోసుకోవడం. ఆన్‌లైన్‌లో రబ్బరు తొడుగు దొరుకుతుంది, కొన్నాను, బిగుతుగా ఉండి చేయి తిమ్మిరెక్కింది, సైజు కొలుచుకుని తీసుకుంటే మేలు. నీళ్ల బిందె, రుబ్బిన పిండి గిన్నె, బియ్యం సంచి లాంటి బరువులు ఆ చేత్తో ఎత్తకూడదు, కానీ చేయి కదపకుండా కట్టేసినట్టు ఉంచకూడదు కూడా, కదుపుతూ ఉంటేనే గడ్డ కట్టదు. ఎండాకాలంలో మా ఊరి ఉక్కకు అంటింపు అంచులు లేచిపోయేవి, లేచిందంటే వారం అయ్యేదాకా ఆగకూడదు, ఆ రోజే మార్పించాలి. చెరువులో, గోదావరిలో మునకలు అసలు వద్దు.

పంపు సంగతి. పాలసీసా అంత ఉంటుంది, లోపల బెలూన్ లాంటి సంచిలో మందు, అది తనంతట తనే ముడుచుకుంటూ మందును నెడుతుంది, కరెంటు లేదు, చప్పుడు లేదు. మెడకు తగిలించుకునే సంచిలో పెట్టిస్తారు. గొట్టం చివర చిన్న బిళ్ల ఒకటి చర్మానికి ఆనించి టేపు వేస్తారు, వేడిని బట్టి మందు వెళ్లే వేగం మారుతుంది కాబట్టి అది ఊడకుండా చూసుకోవాలి. రాత్రి పూట ఇది అసలు పని చేస్తోందా అని పదే పదే తీసి చూస్తాం, గంట గంటకు తేడా కనిపించదు, పొద్దున్నకు బెలూన్ చిన్నదై ఉంటుంది. ఈ పంపు తీయడానికి కూడా మమ్మల్ని మొదట్లో హైదరాబాద్‌కే రమ్మన్నారు. పది నిమిషాల పనికి ఉప్పల్ దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో, వాంతులవుతున్న మనిషికి ఇది సేవ ఎలా అవుతుంది? మా సిస్టర్ చేస్తానంది, ఆసుపత్రివాళ్లు ఆమెతో వీడియో కాల్‌లో మాట్లాడి ఒప్పుకున్నారు. అంటే ఏర్పాటు సాధ్యమేగా, మేం గట్టిగా అడిగేదాకా ఎందుకు ఆగాలి?

చేయి వాచినా, భుజం, మెడ వైపు నొప్పి వచ్చినా, లైన్ చుట్టూ ఎర్రబడి చీము కనిపించినా, 100.4 దాటి జ్వరం వచ్చినా, ముఖ్యంగా ఫ్లష్ చేసిన కాసేపటికి చలి పుట్టి వణుకు వచ్చినా, తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి. కీమోలో ఉన్నవాళ్లకు ఇది పారాసిటమాల్‌తో పోయే జ్వరం అనుకోవడానికి లేదు.

తీయడం అన్నిటికంటే తేలిక. పడుకోబెట్టి, నెమ్మదిగా లాగారు, నాకు ఏమీ తెలియలేదు, ముగింపులో కాసేపు అదిమి పట్టి గాలి చొరకుండా డ్రెస్సింగ్ వేశారు. తీసిన గొట్టాన్ని స్కేలు పక్కన పెట్టి, వేసిన రోజు రాసిన పొడవుతో సరిపోయిందని నాకు చూపించాకే పారేశారు.

లైన్ వేసిన పనికి ఐదుకు ఐదు ఇస్తాను. బిల్లింగ్‌కు, కూర్చోబెట్టినందుకు మూడు. ఆ తర్వాత చూసుకునే ఏర్పాటుకు ఒకటి, అది కూడా చివర్లో వీడియో కాల్‌కు ఒప్పుకున్నందుకు. వేయించుకోబోయేవాళ్లు పొద్దున మొదటి స్లాట్ అడగండి, ఎక్స్‌రే అదే పూట అయిపోతుంది. అదే రోజు మీ ఊళ్లో డ్రెస్సింగ్ చేయబోయే మనిషితో లైన్ వేసిన సిస్టర్‌ను ఫోన్‌లో మాట్లాడించండి, డ్రెస్సింగ్ ఎలా చేస్తుందో వాళ్ల అనుమతితో వీడియో తీసుకోండి, లైన్ కంపెనీ పేరు, సైజు, లోపలి పొడవు, బయటి పొడవు కార్డు మీద రాయించుకోండి. నా కార్డులో బయటి పొడవు గడి ఖాళీగా వదిలేశారు, ఆ సంఖ్య కోసం హనుమకొండ నుంచి ఎన్నిసార్లు ఫోన్ చేశామో.